హీట్ పంప్‌కి టార్పాలిన్

విక్రాంత్,

మన హీట్ పంప్‌కి ఊపిరాడకుండా చేసింది నువ్వే. హైదరాబాద్‌లో చలికాలం కూలర్‌కి కప్పినట్టు, దాని బయటి యూనిట్‌కి టార్పాలిన్ చుట్టి తాడు కట్టావు. ఇల్లు వేడిచేసే ఆ యంత్రం పనిచేయాల్సిందే ఇక్కడి చలికాలంలో! గాలి ఆడక మంచు గడ్డకట్టి ఆగిపోయింది. పొద్దున నేనే విప్పాను. మంచు కరుగుతోంది.

బల్ల మీదున్న కొత్త హీట్ పంప్ కాగితాల మీద సంతకం పెట్టకు. పక్కింటి నీనా కొత్తది పెట్టించుకుందని మనమూ మార్చాలా? "నీనా వాళ్లది అస్సలు చప్పుడే చెయ్యదు, తెల్సా?" అన్నావు. చప్పుడే చెయ్యనిదాన్ని వినడానికి వరుసగా మూడు సాయంత్రాలు ఎందుకు వెళ్లావు? పైగా ఆమె అల్లం టీ గురించి ఒక్కటే పొగడ్త. ఏడేళ్లుగా నేనూ అదే టీ పెడుతున్నాను. ఒక్కసారైనా నోరు మెదిపావా?

పసిపిల్లల బడి, కిటాలో ఫీజులు పెంచినందుకు ధర్నా ఉంది, పోతున్నాను. నువ్వు మెకానిక్‌కి ఫోన్ చేసి, ఉన్నదాన్నే బాగుచేయడానికి ఏ రోజు, ఎన్నింటికి వస్తాడో టెర్మిన్ తీసుకో.

మంగ

కోపంలో రాశాను, అయినా ఒక్క ముక్క కొట్టెయ్యను. ఏడింటికి వస్తాను. ఇల్లు వేడెక్కకపోయినా సరే, స్వెటర్ వేసుకుని మనింట్లోనే ఉండు.