అరబిళ్ళ

22 జూన్ 2014

ఆదివారం. మధ్యాహ్నం షాపు మూసి అన్నానికి కూర్చోబోతుంటే ఈశ్వరి పెరట్లోంచి కేకేసింది. ఝాన్సీకి తలంటి చిక్కు తీస్తోంది. పిల్ల కుడి చెవి వెనక రూపాయి కాసంత మేర జుట్టు లేదు. పుండు లేదు, పొక్కు లేదు, దురద లేదు. నున్నగా మెరుస్తోంది.

అమ్మ వచ్చి చూసింది. పేనుకొరుకుడురా శంకరా, ఉల్లిపాయ రుద్దితే నాల్రోజుల్లో వచ్చేస్తాది అంది. తలలో ఒక్క పేను లేదు కదా, కొరకడానికి ఎక్కణ్ణించి వచ్చిందని అడిగాను. నీకు మందుల షాపున్నాది, నాకు అనుభవమున్నాది అంది. మా అమ్మతో వాదించి గెలిచినవాడు సాలూరులో లేడు.

25 జూన్

విజయనగరంలో చర్మం డాక్టరుకి చూపించాం. భూతద్దం పెట్టి చూశాడు. మచ్చ అంచున రెండు వెంట్రుకలు లాగి చూశాడు. అలోపేషియా ఏరియేటా అని కాగితం మీద రాశాడు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే జుట్టు కుదుళ్ళ మీద పడి కొడుతున్నాయట. అంటుకునేది కాదు. ఎందుకొచ్చిందో చెప్పలేం. చాలామంది పిల్లలకి ఏడాదిలో దానంతటదే తిరిగొస్తుంది, కొందరికి రాదు. లోషన్ రాసిచ్చి ఓపిక పట్టమన్నాడు. నాది మెడికల్ షాపని తెలిసి, ఇంట్లో సొంత వైద్యం మాత్రం చెయ్యకండి అని నవ్వాడు. నేనూ నవ్వాను.

బస్సులో ఝాన్సీ నా ఒళ్ళో నిద్రపోయింది. దారి పొడుగునా ఆ మచ్చ మీద అరచెయ్యి కప్పి కూర్చున్నాను.

14 జూలై

మచ్చలు ఏడయ్యాయి.

16 జూలై

పిల్ల లేవకముందే ఈశ్వరి దిండు మీద రాలిన జుట్టు ఏరి, ఒక పాత డబ్బాలో దాస్తోంది. ఇవాళ పట్టుకున్నాను. ఎందుకివి అంటే, పారేయడానికి చెయ్యి రావట్లేదు అంది.

అమ్మకి కొత్త కారణం దొరికింది. మొక్కు. ఝాన్సీ పుట్టెంటుకలు సింహాద్రప్పన్నకి ఇస్తామని మొక్కుకుని, అప్పట్లో షాపు వదల్లేక ఇక్కడే ఊళ్ళో గుడిలో తీయించాను. నువ్వు ఎగ్గొట్టినావు, ఆయనే తీసుకుంటన్నాడు అంది. దేవుడు ఎనిమిదేళ్ళ పిల్ల దగ్గర ఇలా వసూలు చేస్తాడా అన్నాను. చెవులు మూసుకుంది.

22 జూలై

స్కూల్ నుంచి టీచరు ఫోన్ చేసింది. అంటుకుంటాదేమోనని మిగతా పిల్లల అమ్మలు గోల పెడతన్నారండీ, మీకు తెలీందేముంది, మీరే మందుల షాపు వాళ్ళు అని సాగదీసింది. అంటుకోదని డాక్టరు కాగితం పట్టుకెళ్ళి చూపించాను. చదివింది, తలూపింది. ఝాన్సీని మాత్రం చివరి బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టింది. తిరిగొస్తూ దారిలో ఎవరు పలకరించినా కసురుకున్నాను.

3 ఆగస్టు

ఇది ఎవరికీ చెప్పలేను కనక ఇక్కడ రాస్తున్నాను.

నిన్న సాయంత్రం ఝాన్సీ కౌంటర్ దగ్గరికొచ్చింది. నెత్తిన స్కార్ఫ్. కనబొమల మీదికి లాక్కుంది. ఎవరొచ్చినా మందిస్తావు కదా నాన్నా, ఇన్ని డబ్బాల్లో నాకొక్కటీ లేదా అని అడిగింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నిన్న ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది.

ఉంది. నా దగ్గర ఉంది. లారీ డ్రైవర్లు నడుం పట్టేసిందని, మోకాళ్ళు లాగేస్తున్నాయని వస్తారు. నేను పొట్లం కట్టిస్తాను. రెండు నొప్పి బిళ్ళలు, వాటితో ఒక చిన్న తెల్ల బిళ్ళ. ఆ తెల్లది స్టెరాయిడ్. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. పదేళ్ళుగా ఇస్తున్నాను. రాయపూర్ దాకా ఏకబిగిన తోలేసినాను బావా, నీ పొట్లం అమృతం అంటాడు దాలయ్య. చర్మం జబ్బులకీ అదే రాస్తారని నాకు తెలుసు. డాక్టరు ఇంకా ఓపిక పట్టమంటాడు. ఓపిక ఆయనకేం, చివరి బెంచీలో కూర్చున్నది ఆయన కూతురు కాదు.

పొద్దున్న బిళ్ళని సగానికి విరిచి బెల్లం ముక్కలో పెట్టి ఇచ్చాను. ఈశ్వరి అడిగితే విటమిన్ అన్నాను.

1 సెప్టెంబరు

వస్తోంది! పెద్ద మచ్చలో పాలనురుగులాంటి నూగు. వేలితో రాస్తే తగిలింది. ఈశ్వరి ఏడ్చింది. లోషన్ పనిచేస్తోందంది. అమ్మ తను మళ్ళీ మొక్కుకున్న మొక్కు పనిచేస్తోందంది.  ఇంత గర్వం నాకు ఎప్పుడూ కలగలేదు.

20 సెప్టెంబరు

అరబిళ్ళని ఒకటి చేశాను. డాక్టరు మళ్ళీ రమ్మన్న రోజు దాటిపోయింది. జుట్టు వస్తుంటే ఎందుకులే అన్నాను ఇంట్లో.

ఝాన్సీకి ఆకలి పెరిగింది. బుగ్గలు పూరీల్లా పొంగాయి. పిల్ల బొద్దుగా ముద్దొస్తోందని వీధంతా అంటున్నారు. అది బొద్దు కాదు. దాలయ్య మొహం కూడా ఇలాగే గుండ్రంగా ఉంటుంది.

తెలిసి రాస్తున్నాను. తెలిసే ఇస్తున్నాను.

13 అక్టోబరు

తుఫాను గాలి. నిన్నటి నుంచి కరెంటు లేదు. బిళ్ళ వేళకి ఇచ్చాను.

4 నవంబరు

దాలయ్య బావమరిది లక్ష్ముడు షాపుకొచ్చాడు. దాలయ్య దారిలో నెత్తురు కక్కుకున్నాడట. కడుపులో పుండు. ఏ మందులు తిన్నాడని హాస్పిటల్లో అడిగారట. నీ పేరు సెప్పలేదులే బావా, నువ్వు బెంగెట్టుకోకు అన్నాడు. నన్ను ఓదార్చడానికి వచ్చాడు వాడు!

లోపలికెళ్ళి ఝాన్సీ మొహం చూశాను. ఇక చాలు. కొంచెం కొంచెంగా తగ్గించి మానాలని ఎక్కడో విన్నాను. కానీ ఇంకొక్క బిళ్ళ కూడా ఆ చేతిలో పెట్టే ధైర్యం లేకపోయింది. ఒక్కసారే ఆపేశాను.

8 నవంబరు, ఉదయం 6

ఝాన్సీకి రెండు రోజులుగా జ్వరం. రాత్రంతా వాంతులు. లేపితే కళ్ళు తెరవడం లేదు. కారు మాట్లాడాను.

మధ్యాహ్నం 12

విజయనగరం. హాస్పిటల్లో చేర్చారు. బీపీ పడిపోతోంది. సెలైన్ ఎక్కిస్తున్నా లేవట్లేదు. ఈ మధ్య ఏ మందులు వాడారని డాక్టరమ్మ అడిగింది. తలకి లోషనండీ, ఇంకా విటమిన్ బిళ్ళ, అంతే అని ఈశ్వరి చెప్పింది. డాక్టరమ్మ నావైపు చూసింది. నేను వరండాలోకి వచ్చేశాను. ఈశ్వరి ముందు చెప్పలేను.

12.40

నలభై నిమిషాలు. నా కూతురు అలా పడుంటే, నా పరువు కోసం నలభై నిమిషాలు వరండాలో నిలబడ్డాను. ఆ తర్వాత లోపలికెళ్ళి చెప్పాను. బిళ్ళ పేరు, ఎంత, ఎన్నాళ్ళు, ఎప్పుడు ఆపానో.

డాక్టరమ్మ తిట్టడానికి కూడా ఆగలేదు. నర్సుని పిలిచి సూదిమందు వేయించింది. నేను ఆపేసిన మందే.

సాయంత్రం 5

బీపీ నిలబడింది. మంచినీళ్ళు అడిగింది.

ఒంట్లో తయారయ్యేదాన్నే బయటి నుంచి మూడు నెలలు పోస్తే ఒళ్ళు తన పని మానేస్తుందట. ఉన్నట్టుండి ఆపితే ప్రాణం పోతుందట. ఇంకో గంట ఆలస్యమయ్యుంటే, అని ఆవిడ మాట మింగేసింది.

ఈశ్వరి అరుస్తుందనుకున్నాను. విటమినన్నావు కదూ అంది. అంతే. 

6 డిసెంబరు

డాక్టరమ్మ చెప్పిన లెక్కన బిళ్ళలు తగ్గిస్తూ ఈశ్వరే ఇస్తోంది. స్ట్రిప్ ఈశ్వరి బీరువాలో ఉంటుంది. తాళంచెవి ఆమె మెళ్ళో ఉంటుంది. నన్ను తాకనివ్వదు. తగిన శాస్తే.

జుట్టంతా పోయింది. వచ్చినదీ పోయింది, ముందు ఉన్నదీ పోయింది. కనబొమలు కూడా. జబ్బు వల్లనే పోయిందంటుంది డాక్టరమ్మ, మీ బిళ్ళ వల్ల కాదు అంటుంది. నాకు ఆ తేడా అందడం లేదు.

అమ్మ సింహాచలం ఊసెత్తడం మానేసింది. ఎందుకని అడిగితే, ఇద్దారంటే ఏటి మిగిలిందిరా అంది.

10 జనవరి 2015

షాపులో తెల్ల బిళ్ళల డబ్బా ఖాళీ చేశాను. దాలయ్య మళ్ళీ లారీ ఎక్కాడు. పొట్లం అడిగాడు. ఇవ్వనన్నాను. నీకేటైంది బావా అని విసుక్కుని వెళ్ళిపోయాడు. ఇంకెక్కడో దొరికిందట.

ఝాన్సీ స్కార్ఫ్ తీసేసి బడికి వెళ్తోంది. నేనే చూడలేకపోతున్నాను.

1 ఫిబ్రవరి

సాయంత్రం ఝాన్సీకి బెల్లం ముక్క ఇచ్చాను. ఇందులో ఏటేసినావు నాన్నా అని అడిగింది.

సగం కొరికి, నమిలి, మింగి, నోరు తెరిచి చూపించాను. మిగతా సగం అప్పుడు తీసుకుంది.