రేపటి సగం మాత్ర

ఏమయ్యా, మా పోలమ్మక్క పెద్దకర్మకు మొదటి బస్సుకే క్రోసూరు పోతున్నా. రాత్రంతా దగ్గావని నిన్ను లేపలేదు. అన్నం వండిపెట్టా, మజ్జిగ పోసుకో. గోంగూర పచ్చడి జోలికి పోమాక, ఉప్పెక్కువ.

బీపీ మాత్ర సగమే మింగు. అడకత్తెరతో కోసి గూట్లో పెట్టా. పదేళ్లుగా ఒకటి మింగేవాణ్ణి, ఇప్పుడు సగమేందని నరసరావుపేట డాక్టరు మీద ఎగిరావుగా, ఆయన మాట మళ్లీ రాస్తున్నా, చదువు. వయసు మీదపడి, ఏళ్ల తరబడి బీపీని మోసిన గుండె గట్టిపడుద్దంట. పడుచుతనంలో తట్టుకున్న మాత్రే ఇప్పుడు నాడిని మరీ పడేస్తదంట.

అక్కకీ ఆ మాత్రే సగం రాశాడు. మనింట్లో ఉన్నప్పుడు మొదటిరోజు దాన్ని పంటితో కొరికి సగం మింగింది. రెండో సగం చూపించి, "దీన్నేం చెయ్యనే?" అంది. "ఎంగిలి ముక్క మళ్లీ మాత్రల్లో కలపమాకక్కా, అదీ మింగెయ్యి" అన్నది నేనే. ఊరెళ్లాక కూడా రోజూ రెండు ముక్కలూ మింగేదని బావ చెప్పాడు. చివరికి నాడి పడిపోయి బావి దగ్గర కూలింది, మళ్లీ లేవలేదు. అట్లా మింగమన్నది నేనని బావకు తెలియదు. నీకూ చెప్పలేదు. ఇవాళ ఆయనకు చెప్తా.

సందేళకు వస్తా. బర్రెకు కుడితి పెట్టు.

మాణిక్యమ్మ

ఇంట్లో మాత్రలు అయిపోయినాయి, వస్తా వస్తా తెస్తా. గూట్లో రెండో ముక్క కోసం వెతకమాక. రేపటి సగం నా కొంగున ముడేసుకుపోతున్నా.