వెటకారం పట్టే పెట్టె

2వ తేదీ, ఆదివారం. ఉదయం 6.15

ఇవాళ్టి నుంచి వెటకారం బంద్. పూర్తిగా! ఎవరినీ ఒక్క ఎత్తిపొడుపు మాట అనను. కింద సంతకం కూడా పెడుతున్నాను.

కారణం రాసి పెట్టుకోవాలి. లేకపోతే వారం తిరిగేసరికి మర్చిపోయి, తప్పు నాది కాదనేస్తాను.

నిన్న మా గుంపు కలిసే శనివారం. లైబ్రరీ కింద సెల్లార్లో ఏడుగురం కూర్చుని సరదాకి రోబోలు, చిన్న చిన్న యంత్రాలు చేస్తుంటాం. ఎవరేం చేసినా, ఎలా చేశారో, ఎక్కడ బోల్తాపడ్డారో అంతా నెట్‌లో పెట్టేస్తాం. ఎవరైనా చూసి ఉచితంగా చేసుకోవచ్చు. దాపరికం లేదు. నన్ను అక్కడ చేర్పించింది మా కోడలే. రిటైరైన లెక్కల లెక్చరర్ రోజంతా ఇంట్లో ఉంటే ఇల్లు తట్టుకోలేదని తన ముందుచూపు.

నిన్న తన రోబోని అందరి ముందూ మొదటిసారి నడిపించింది. ఆరు కాళ్ళది. పేరు గొల్లభామ. నెలల తరబడి పడ్డ కష్టం. మూడడుగులు వేసి, పక్కకి ఒరిగి, హాయిగా పడుకుంది.

నేను ఊరుకోవచ్చుగా!

"అచ్చం నీ పోలికే తల్లీ. లేచీ లేవగానే మళ్ళీ పడక" అన్నాను.

అందరూ పగలబడి నవ్వారు. తనూ నవ్వింది. నవ్వుతూనే బ్యాటరీ పీకింది. గొల్లభామని అట్టపెట్టెలో పెట్టి, ఇంటికొచ్చి అటకెక్కించింది. 30న జనానికి మా గుంపు ప్రదర్శన ఉంది. అందులోంచి పేరు తీయించేసుకుంది. ఇక శనివారాలు రానని కూడా చెప్పేసింది.

పొద్దున టీ ఇస్తూ "తీసుకోండి అత్తయ్యగారూ" అంది. పెళ్ళైన దగ్గర్నుంచీ నేను ఉట్టి అత్తయ్యని. ఈ 'గారు' ఎప్పుడొచ్చి తగులుకుంది?

లక్ష్యం: 30లోపు గొల్లభామ అటక దిగాలి. నా 'గారు' ఊడాలి.

ఉదయం 9.00

మా ఆయనకి చెప్పాను, ఇవాళ్టి నుంచి ఎవరినీ ఏమీ అననని. పేపరు దించకుండానే "ఎన్నింటి దాకా?" అన్నారు.

జవాబివ్వలేదు. మొదటి విజయం!

3వ తేదీ, సోమవారం

నా నోరు నా చేతిలో లేదు. నిన్న మధ్యాహ్నానికే మూడుసార్లు జారింది. కాబట్టి యంత్రం కావాలి. నేను వెటకారంగా మాట్లాడితే మోగే పెట్టె! నేనే చేస్తాను.

కావలసినవి: అగ్గిపెట్టంత బోర్డు. మైకు. బజర్. ఎర్ర దీపం. పాత బిస్కెట్ డబ్బా.

మా గుంపుకి పెద్ద దిక్కు పళ్ళ డాక్టరు. రోజంతా పళ్ళకి కన్నాలు పెట్టి, సాయంత్రం బోర్డులకి పెడతాడు. ఫోన్ చేశాను.

"పెట్టెకి మొదట్లో ఏమీ తెలీదు పిన్నిగారూ. మీ గొంతుతోనే రెండు కుప్పలు పొయ్యాలి. ఒకటి పుల్లవిరుపు మాటలు, రెండోది మంచి మాటలు. రెండూ విని తేడా అదే పట్టుకుంటుంది."

"ఏ మాట ఏ కుప్పదో ఎవరు తేలుస్తారు?"

"ఒక్కో రికార్డు చీటీ తీసినట్టు మనవాళ్ళలో ముగ్గురి ఫోన్లకి వెళ్తుంది. వాళ్ళు విని వోటేస్తారు. ఇంతకీ మీ కోడలు రానందిగా, వినే జాబితాలోంచి పేరు తీసెయ్యనా?"

"వద్దు వద్దు. ఉండనీ." తీసేస్తే ఇక రాదేమోనని భయం.

5వ తేదీ, బుధవారం

పుల్లవిరుపు కుప్ప మొదలు. మైకు ముందు కూర్చుని ఒక్కొక్కటే అనడం. మా ఆయన ఎదురుగా కూర్చున్నారు. ఎదురుగా మనిషి లేకపోతే నాకు మాట పదునెక్కదు.

"ఇన్నేళ్ళూ ఊరికే పడ్డాను. ఇవాళ శాస్త్రం కోసం" అన్నారు.

భోజనాల వేళకి కుప్ప నిండిపోయింది. పొంగిపోయింది.

గమనిక: ఇది నియమం తప్పడం కాదు. పరిశోధన.

8వ తేదీ, శనివారం

సెల్లార్లో నా రికార్డులదే సందడి. వోట్లన్నీ ఏకగ్రీవం! పళ్ళ డాక్టరు కళ్ళు తుడుచుకుంటూ "పిన్నిగారూ, కల్తీ లేని సరుకు" అన్నాడు. కోడలి కుర్చీ ఖాళీగా ఉంది. దాని మీద ఎవరో వైర్ల చుట్ట పెట్టారు. తీసి కింద పెట్టాను.

మంచి కుప్ప రేపు. అదెంతసేపు!

9వ తేదీ, ఆదివారం

ఉదయం 8.00. మా ఆయనతో "మీకు ఈ చొక్కా చాలా బాగుందండీ" అన్నాను, మైకు పెట్టి. ఆయన లోపలికెళ్ళి చొక్కా మార్చుకొచ్చారు.

10.30. కాగితం మీద మంచి మాటలు రాసుకుని చదివాను. "భలే చేశావమ్మా." "చాలా సంతోషం." "నీలాంటి కోడలు దొరకడం మా అదృష్టం." చివరిది నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ పక్కగదిలో మా ఆయన దగ్గారు.

12వ తేదీ, బుధవారం

పెట్టె తయారు! వైర్లన్నీ నేనే అతికించాను. చూపుడువేలు కాల్చుకున్నాను. వంటింటి అలమరలో పెట్టి ఆన్ చేశాను.

"పాలు కాచావా?" అన్నాను కోడలితో. మోగింది.

"అడిగాను, అంతేగా!" మోగింది.

"దీనికి బుద్ధుందా?" మోగింది.

కోడలు స్టవ్ వైపు తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి. నవ్వో, దగ్గో తెలియలేదు. "కాచానండీ అత్తయ్యగారూ" అంది. దగ్గే.

13వ తేదీ

మైకు మరీ అతిగా వింటోంది. దూది పెట్టాను. ఇది మోసం కాదు, సవరణ.

ఇంకొన్ని సవరణలు: ఫోన్లో అన్నవి లెక్కలోకి రావు. టీవీ వాళ్ళని అన్నవి రావు, వాళ్ళకి వినపడదుగా. మనసులో అనుకున్నవి అసలే రావు. మా ఆయనని అన్నవి... ఆయన అలవాటుపడ్డ మనిషి.

15వ తేదీ, శనివారం

మంచి కుప్ప వోట్లు చదివారు. నేను చదివినవన్నీ తీసుకెళ్ళి పుల్లవిరుపు కుప్పలో వేశారు. అన్నీ!

లైబ్రేరియన్ ఎవరి మనసూ నొప్పించే మనిషి కాదు. చేతులు నలుపుకుంటూ చెప్పింది: "ఏమీ అనుకోకండి పిన్నిగారూ. మీరు 'చాలా సంతోషం' అంటుంటే నేనేం తప్పు చేశానా అని భయమేసింది."

మంచి కుప్ప: సున్నా. ఇన్నేళ్ళు పిల్లలకి సున్నాలు వేసిన చేతికి, ఇదెలా ఉంటుందో ఇవాళ తెలిసింది.

డాక్టరు పెట్టెలో ఏదో మార్చి ఇచ్చాడు. "ఇక మైకు ముందు నటించొద్దు. ఎర్ర దీపం వెలుగుతున్నంతసేపూ మీ గొంతు వినపడితే, దాని ముందు చప్పుళ్ళతో సహా అదే పట్టి, వోటుకి పంపేస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు ఒక మంచి మాట జారకపోదు."

జారకపోదట!

18వ తేదీ, మంగళవారం

పుల్లవిరుపు కుప్పని రూలు ప్రకారం నెట్‌లో పెట్టాంగా. ఎక్కడెక్కడి వాళ్ళో దింపుకుంటున్నారు! ఒకాయన "ఇంకా నిద్రేనా మహారాజా?" అన్నదాన్ని అలారంగా పెట్టుకున్నాడట, రోజూ ఠంచనుగా లేస్తున్నాడట. ఒకావిడ "మా అత్తగారి కంటే ఉచ్చారణ స్పష్టంగా ఉంది" అని రాసింది. ఇంకా పంపమంటున్నారు.

జనం అడుగుతున్నప్పుడు కాదనడం అహంకారం. నియమాన్ని కొంచెం పక్కన పెట్టాను.

19వ తేదీ

ఇరవై కొత్తవి. మాంచి ఊపు మీదున్నాను. నా అన్నిటిలోకీ మేలైనది చివర చేర్చాను.

20వ తేదీ, గురువారం. సాయంత్రం 5.30

వంటింట్లో ఉన్నాను. కోడలు ఉల్లిపాయలు తరుగుతోంది. తన ఫోన్ టింగుమంది. చెయ్యి తుడుచుకుని నొక్కింది.

నా గొంతు వచ్చింది. "అచ్చం నీ పోలికే తల్లీ. లేచీ లేవగానే మళ్ళీ పడక."

అలమరలో పెట్టె మోగింది. దూది ఉన్నా మోగింది. చేసినప్పటి నుంచి మొదటిసారి, సరిగ్గా మోగింది.

కోడలు ఫోన్ మీద ఒక నొక్కు నొక్కింది. "వోటేశానండీ అత్తయ్యగారూ" అంది. స్టవ్ ఆపేసి గదిలోకి వెళ్ళిపోయింది.

నేను తప్ప వినేవాళ్ళు ఆరుగురు. అందులో ముగ్గురు. అంటే సగానికి సగం అవకాశం. ముప్పై ఏళ్ళు ఈ లెక్క బోర్డు మీద వేసి చెప్పినదాన్ని, నా వంటింట్లో మర్చిపోయాను.

పెట్టెని మా ఆయన చేతికిచ్చి అటక మీద పారేయమన్నాను. మోగుతూనే వెళ్ళింది.

21వ తేదీ

ఉల్లిపాయలు నేనే తరిగాను.

22వ తేదీ, శనివారం

గుంపుకి వెళ్ళలేదు. మోకాలు నొప్పి అని డాక్టరుకి చెప్పాను.

"మోకాలు నోట్లో ఉందా?" అన్నారు మా ఆయన. మంచి మాట. పెట్టె ఉంటే వేరే కుప్ప తెరవాల్సొచ్చేది.

25వ తేదీ, మంగళవారం. మధ్యాహ్నం

కోడలు ఆఫీసుకెళ్ళింది. మా ఆయనతో అటక మీది అట్టపెట్టె దింపించాను. దాని మీదే పారేశారు కాబోలు, నా పెట్టె కూడా దిగింది. ఇంకా చావలేదు.

గొల్లభామని బయటికి తీసి చూశాను. ఇదివరకు చూడలేదు. పడినప్పుడు చూశాను, అంతే.

ఒక్కో కాలికి ఒక్కో రంగు వైరు. ప్రతి వైరు మీదా సన్నటి కాగితం చుట్టి, ఏ కాలిదో చిన్నచిన్న అక్షరాలతో రాసింది. ప్రతి స్క్రూ మీదా గోళ్ళరంగు చుక్క. కదిలితే వదులు కాకుండా! ఎన్ని స్క్రూలో లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాను. పాదాలకి మెత్తగా ఉండాలని చిన్న రబ్బరు ముక్కలు కత్తిరించి అంటించింది. నాకు కనిపించని రాత్రుళ్ళు ఎన్ని కూర్చుందో.

ఏదో అన్నాను, గదిలో ఎవరూ లేరుగా. మళ్ళీ ఎలా ఉన్నది అలా సర్ది, రెండు పెట్టెలూ పైకెక్కించాం.

27వ తేదీ, గురువారం. సాయంత్రం 6.45

కోడలు ఆఫీసు నుంచి వచ్చింది. చెప్పులు విప్పలేదు, చేతిలో ఫోన్. గుమ్మంలోనే ఆగి నన్ను చూసింది. నేనేం చేశానా అని అప్పటికే వెతుక్కుంటున్నాను.

"అత్తయ్యా, చిన్న స్క్రూడ్రైవర్ ఎక్కడ పెట్టారు?"

మళ్ళీ చదవండి. నేను పదిసార్లు చదివాను.

అత్తయ్యా!

స్టూలు వేసుకుని తనే అటకెక్కింది.

28వ తేదీ

భోజనాల బల్ల నిండా కాళ్ళు.

"బరువంతా వెనక్కి పడుతోంది, బ్యాటరీ ఎంత ముందుకి జరపాలో లెక్క వేసి పెట్టండి అత్తయ్యా."

వేశాను. రెండుసార్లు సరిచూశాను. నోరు విప్పలేదు. భయం.

29వ తేదీ, శనివారం

కోడలి కుర్చీలో కోడలు! పళ్ళ డాక్టరు లేచి ప్రకటించాడు: "పిన్నిగారి మంచి కుప్పలో మొదటి మాట పడింది. మూడు వోట్లూ దానికే."

"నేనెప్పుడన్నాను?"

ఫోన్లో వినిపించాడు. మొదట అట్టపెట్టె చప్పుడు. తర్వాత ఎవరో ముసలావిడ, తనలో తను అనుకుంటున్నట్టు: "ఎంత ఓపికమ్మా నీకు."

ఎర్ర దీపం ఆర్పడం మర్చిపోయాను.

కోడలు స్క్రూ బిగిస్తూ తలెత్తలేదు. వోటు ఎవరు వేశారో అడగలేదు. అడిగితే డాక్టరు చెప్పడు, రూలు. అడగాల్సిన అవసరమూ లేదు.

30వ తేదీ, ఆదివారం. ప్రదర్శన

జనం బాగా వచ్చారు. అటక మీంచి దింపిన నా పెట్టెని కూడా కోడలు తెచ్చి ఒక పక్కన పెట్టింది. గొల్లభామ బల్ల మీద బయల్దేరింది. ఒకటి, రెండు, మూడు... బల్ల సగం దాటింది! చప్పట్లు! పక్కకి ఒరిగి పడుకుంది.

గుంపు మొత్తం నా వైపే చూస్తోంది. నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. పళ్ళు బిగించాను.

"అనండి అత్తయ్యా, మింగితే మీకు అరగదు" అంది కోడలు.

"ఏముందమ్మా. పోయినసారి గుమ్మంలోనే పడుకుంది. ఈసారి పడకగది దాకా వెళ్ళింది."

పెట్టె మోగింది. అందరికంటే ముందు నవ్వింది కోడలే. నవ్వుతూనే దాన్ని లేపి నిలబెట్టింది. బ్యాటరీ మాత్రం పీకలేదు.

సాయంత్రం 7.00

పుల్లవిరుపు కుప్ప: ఇవాళ్టిదీ చేరింది.

మంచి కుప్ప: ఒకటి. ఒకటితో పెట్టెకి తేడా తెలీదట. కనీసం యాభై కావాలంటున్నాడు డాక్టరు. నా నోరు చూస్తే నేను నూటయాభై ఏళ్ళు బతకాలి.

రేపు ఒకటో తేదీ. మంచి రోజు. రేపటి నుంచి వెటకారం బంద్. పూర్తిగా! సంతకం.

మా ఆయన భుజం మీంచి తొంగిచూసి "ఎన్నింటి దాకా?" అన్నారు.

"మీ చొక్కా నిజంగానే బాగుందండీ" అన్నాను.

పెట్టె మోగలేదు. ఆయన మాత్రం చొక్కా మార్చుకోవడానికి వెళ్ళారు.