కందకుర్తి పరదేశి

కందకుర్తి
బహుధాన్య మార్గశిర శుద్ధ పంచమి

గంగాభాగీరథీ సమానురాలైన తారక్కకు, తమ్ముడు బాపురావు నమస్కరించి రాసేది.

బోధన్ చక్కెర కార్ఖానాలో చెరకు బండ్లు తూకం వేసే రాజమల్లు అనేవాడు ముల్కీ కాగితానికి అర్జీ పెట్టుకున్నాడు. ఈ రాజ్యంలో పుట్టినవాడేనని ఊరి పట్వారీగా నేను రాసిస్తేనే వాడి పని నిలుస్తుంది, లేకపోతే ఈ నెలాఖరుకు ఇంటికే. కందకుర్తిలో పుట్టానని, పోయిన మన ఎర్రన్న కొడుకునని రాసుకున్నాడు. అక్కా, ఎర్రన్నకు కొడుకెక్కడివాడు? ఒక్కతే బిడ్డ, గోదావరి. పదిహేనేళ్ల కింద సంగమంలో పడి పోయింది. ఒడ్డున చీర దొరికితే చావుల దఫ్తరులో నా చేత్తోనే ఎక్కించాను.

నాకు అనుమానమెక్కువని నువ్వు నవ్వుతావు. నవ్వు. రోజులు బాగాలేవు. సత్యాగ్రహమంటూ ఇంగ్లీషు ఇలాకా నుంచి మనుషులు దూరుతున్నారంటున్నారు. అలాంటివాడికి, వారసులు లేక పోయినవాడి ఇంటిపేరు తగిలించుకోవడంకంటే సులువేముంది?

చావడికి పిలిపించాను. సన్నటి మనిషి, నెత్తిన రుమాలు, మీసం జాడ లేదు. ఊరి సంగతులు ఏవి అడిగినా తడుముకోకుండా చెప్పాడు. అదే నాకు నచ్చలేదు. నిజం చెప్పేవాడు ఒకచోటైనా తడబడతాడు. చివరికి కార్తీకంలో ఆడవాళ్లు దీపాలు వదిలే రేవు సంగతి ఎత్తాను. అటు మగపురుగును రానివ్వరు కదా. "మూడో మెట్టు పలిగింది సాబ్, గాడ కాలు జారుతది" అన్నాడు. చాటునుంచి చూసినవాడో, ఎవరో నేర్పి పంపినవాడో. ఎర్రన్న ఇంటి పురుళ్లు మంత్రసాని భీమవ్వకు తెలుసు, రేపు ఆమెను పిలుస్తున్నాను. అబద్ధమని తేలితే పరదేశి అని రాసి పంపేస్తాను.

నీ తమ్ముడు
బాపురావు


కందకుర్తి
మార్గశిర శుద్ధ సప్తమి

గంగాభాగీరథీ సమానురాలైన తారక్కకు,

భీమవ్వ వాణ్ని దగ్గరికి రమ్మని ఎగాదిగా చూసింది. తర్వాత చొక్కా చెయ్యి పైకి లాగి, మోచేతి కింది మచ్చ తడిమింది. "పసుపు ఉడికిచ్చే కాగు తాకి కాలింది పంతులా. నేనే పసరు పోసిన. గిది ఎర్రన్న బిడ్డ గోదావరి" అంది.

వాడు కాదనలేదు. వాడు అనే రాస్తున్నాను, ఇంకేమని రాయాలో తెలియక.

ముందు కోపమొచ్చింది. తర్వాత జాలేసింది. "నువ్వు ఈ ఊరి బిడ్డవే. దఫ్తరుల చావు కొట్టేసి, ఎర్రన్న బిడ్డ గోదావరి ముల్కీ అని రాసిస్త. తూకం పని ఆడదానికి ఇయ్యరు గని, మీ నాయన పసుపు చెలక నీకే వస్తది" అన్నాను. వరమిస్తున్నాననే అనుకున్నాను.

వాడు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "గోదావరి పోయిందని మీరే రాసిండ్రు సాబ్. గట్లనే ఉండనియ్యుండ్రి. ఎర్రన్న కొడుకని రాయలేకుంటే పరదేశోడని రాయుండ్రి. యాడనన్న కూలి చేసుకుంట. ఊరు పోతే పోయింది. మల్ల చీర కట్టి బతకలేను" అన్నాడు.

పరదేశులు ముల్కీలమని బొంకడం చాలా చూశాను. ముల్కీవాడు నన్ను పరదేశి అని రాయండని బతిమాలడం ఇదే మొదలు. కానీ ఇప్పుడు ఇంకో అనుమానం పట్టుకుంది. పదహారేళ్ల పిల్ల ఒంటరిగా జుట్టు తీసుకొని, మగబట్టలు సంపాదించి ఊరు దాటగలదా? వెనక ఎవరో ఉన్నారు. ఎంత గద్దించినా పేరు చెప్పలేదు. పౌర్ణమికి కాగితాలు తహసీలుకు పోవాలి. ఆ మనిషెవరో తేలేదాకా సంతకం పెట్టను.

బాపురావు


నిజామాబాద్
మార్గశిర శుద్ధ దశమి

చిరంజీవి బాపుకు, అక్క ఆశీర్వదించి రాసేది.

ముందొక మాట. నన్ను గంగాభాగీరథి అని రాయకు. విధవ అనడానికి అదొక మర్యాద. నాకు పేరుంది.

ఇన్నేళ్లూ పాలవాణ్ని అనుమానించావు, చాకలిని అనుమానించావు. ఇంట్లోదాన్ని ఒక్కనాడూ అనుమానించలేదు. ఆ మనిషిని నేనే.

మీ బావ పోయిన పదోనాడు మంగలిని పిలిపించారు. నాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు, నువ్వు నా చేతులు పట్టుకున్నావు. జుట్టు తీయొద్దని ఎంత ఏడ్చినా వినలేదు. మన పెరట్లో పసుపు ఉడికిస్తున్న గోదావరి అంతా చూసింది. మర్నాడు వచ్చి, "అమ్మా, నీకు వద్దంటే తీసిండ్రు. నాకు కావాలె, తీస్తవా?" అంది. పిచ్చిదనుకున్నాను. ఆరునెలలు అడిగింది. పెళ్లి కుదిరిననాడు బావిలో దూకబోతే జడ పట్టుకొని ఆపాను. అప్పుడు నమ్మాను.

కత్తెరతో నేనే తీశాను. నీ దోవతీ, అంగీ ఇచ్చి సాగనంపాను. చీర ఒడ్డున పెట్టి వచ్చిందీ నేనే. తెల్లారుతుండగా నలుగురు ఎదురొచ్చారు. ముండమోసినది ఎదురైందని నలుగురూ మొహం తిప్పుకున్నారు, అందుకే ఎవరూ నన్ను చూడలేదు.

జుట్టు రాలుతుంటే వాడు నవ్వాడు బాపూ. అంత సంతోషం ఏ పెళ్లికూతురి మొహంలోనూ చూడలేదు. నా బతుకులో నేను ఒకరికి చేసిన మంచి అదొక్కటే. నీ కలంతో దాన్ని చంపకు.

అడిగిన పేరు దొరికింది, ఇక సంతకం పెట్టు. ఎర్రన్నకు కొడుకున్నాడని రాయి. సాక్షి కావాలంటే ఎల్లుండి నేనే వస్తున్నాను. చావడిలో అందరి ముందూ నిలబడి, ఎర్రన్న కొడుకును నేనెరుగుదునని చెబుతాను. అబద్ధమనుకుంటే నన్ను కచేరీకి ఈడ్పించు. పరదేశి అనే రాస్తావా, వాడి కింద నా పేరు కూడా రాయి.

నీ అక్క
తారాబాయి