ఎలుక ఏ కాలితో తిన్నది

ఆగిరిపల్లి,
సోమవారం.

వినీలా,

ప్రభువు నిన్ను చల్లగా చూడాలి. నువ్వు ల్యాబులో ఎలుకలకి పక్షవాతం తెప్పించి మందులు పరీక్షిస్తావు కదా, అందుకే నిన్ను అడుగుతున్నాను.

మీ పెదనాన్నకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిందని తెలుసుగా. మామిడితోటంతా అంట్లు కట్టిన చెయ్యి. మొన్న ఒకాయన ఇంజెక్షన్లు అమ్ముతూ వచ్చి ఫోన్లో వీడియో చూపించాడు. ముందరి కుడికాలు చచ్చుబడిన ఎలుక, ఇంజెక్షన్ చేశాక గింజ తీసుకుని తింటోంది. పెదనాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నేను ఆ వీడియో మళ్లీ పెట్టించుకుని చూశాను. అది ఎడమకాలితో తీస్తోంది.

"అది బాగున్న కాలే కదండీ" అన్నాను.

"తింటోంది కదమ్మా, ఇంకేం కావాలి?" అన్నాడాయన.

ఏ మందూ లేకుండానే మీ పెదనాన్న ఎడంచేత్తో గుండీలు పెట్టుకుంటున్నారు. అది నయమైనట్టా? అతన్ని పంపించేశాను. "నా చెయ్యి రావటం నీకిష్టం లేదు" అన్నారు పెదనాన్న. అప్పట్నుంచి నాతో మాటల్లేవు.

మీ ఎలుకల్లో పడిపోయిన కాలే మళ్లీ పనిచేసిందా, రెండోది అలవాటైందా? ఉన్నదున్నట్టు పెదనాన్న పేరునే రాయి, నేను చెబితే నమ్మరు. నిజంగా వస్తుందంటే మాత్రం, ఆ మనిషిని నేనే వెళ్లి తీసుకొస్తాను.

మీ పెద్దమ్మ