లంక దాకా వచ్చే బస్సు

జనవరి 23

కెరీర్ గైడెన్సు కూడా నాకే. హెచ్.ఎం. గారు స్టాఫ్ రూములోకి వచ్చి అందరి వైపూ ఒకసారి చూసి, నా దగ్గర ఆగారు. "సైన్సు మీరే కదండీ. పిల్లలు మీ మాట వింటారండీ." నా మాటే వింటే స్లిప్ టెస్టుల్లో ఆ మార్కులెందుకు వస్తాయని అడగాల్సింది. సరేనండీ అన్నాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఆ మాటే అంటున్నాను.

గోడకి అంటించమని ఒక చార్టు ఇచ్చారు. పదో తరగతి తర్వాత ఏమిటని, మధ్యలో ఒక పిల్లవాడి బొమ్మ, చుట్టూ బాణాలు. చూస్తే నాకే తల తిరిగింది. ఏలూరు నుంచి బస్సు, తర్వాత ఆటో, ఆపైన చెరువు గట్టు మీద నడక... సాయంత్రం మళ్లీ ఇదే దారిన వెనక్కి ఇంటికి చేరేసరికి కాళ్లు నావి కావు.

జనవరి 30

మొదటి క్లాసు. పెద్దయ్యాక ఏమవుతారు? — కలెక్టరు. డాక్టరు. పోలీసు. మళ్లీ కలెక్టరు. ఈ లంక నుంచి ఏటా అరడజను మంది కలెక్టర్లు బయల్దేరతారు. చివరికి మగపిల్లలు చెరువుల మీద పనికి పోతారు. ఆడపిల్లలు రొయ్యల ప్లాంటులో తలలు తీస్తారు, లేకపోతే పెళ్లి. నవ్వొచ్చింది, తర్వాత నవ్వినందుకు నా మీద నాకే చిరాకు వేసింది.

మహాలక్ష్మి లేచి నిలబడింది గానీ నోరు విప్పలేదు. గంట కొట్టాక వెనకే వచ్చింది. "చేపలు ఎందుకు చచ్చిపోతాయో తెలుసుకునే సదువు ఉంటాదాండి?" వాళ్ల నాన్న కాపలా కాసే చెరువులో కిందటేడు తెల్లారేసరికి చేపంతా తేలిపోయిందట. ఎవరికి తోచిన మందు వాళ్లు పోశారట. కారణం మాత్రం ఇప్పటికీ తెలియదట. "మా నాన్న ఆ రోజు అన్నం తిన్లేదండి," అంది.

కనుక్కుని చెప్తానన్నాను.

ఫిబ్రవరి 1, ఆదివారం

తాడేపల్లిగూడెం. అన్నయ్య ఉల్లిపాయల కొట్లో, బస్తాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కొత్త డ్యూటీ సంగతి చెబితే పగలబడి నవ్వాడు. "నాన్నగారు నన్ను తీసుకొచ్చి కాటా పక్కన కూర్చోబెట్టారు. నిన్ను బీయస్సీలో పడేశారు. మనకెవరిచ్చారే గైడెన్సు?"

నిజమే. నీకేం కావాలని నన్నెవరూ అడగలేదు. అందుకేనేమో, ఈ పిల్లల్ని ఒక్కొక్కర్నీ పిలిచి అడగాలని ఉంది. వచ్చేటప్పుడు సంచీ నిండా ఉల్లిపాయలు కట్టించాడు. భుజం పడిపోయింది.

ఫిబ్రవరి 10

మధ్యాహ్న భోజనం అయ్యాక రోజుకి ఇద్దరు ముగ్గురు చొప్పున పిలుస్తున్నాను. నా నడుం వాల్చుకునే ఆ కాస్త టైమూ పోయింది. పోతే పోయింది. ఒకడికి ఇంజన్లు విప్పడం ఇష్టం — ఐ.టి.ఐ. అన్నాను. ఇంకొకడికి లెక్కలు బాగా వచ్చు — పాలిటెక్నిక్. ఇద్దరి మొహాలూ వెలిగాయి.

మహాలక్ష్మికి ఫిషరీస్ డిప్లొమా. కృష్ణా జిల్లా చివర ఉంది, హాస్టల్ ఉంది, పదో తరగతి మార్కుల మీద సీటు ఇస్తారు. "ఆడపిల్లలకి కూడానాండి?" కూడానే అన్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

దాని వెనకే నాగమణి. ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే వీధి. నీకేం కావాలే అంటే — "అందరూ ఏదంటే అదేనండి." అలా కాదు, నీ ఇష్టం చెప్పు. "నాకు విడిగా ఇష్టం ఏటుంటాదండి?" విసుక్కున్నాను. ఆలోచించుకుని రమ్మన్నాను.

ఫిబ్రవరి 24

పిల్లలు ఇంకా పరీక్షలే రాయలేదు, జూనియర్ కాలేజీల వాళ్లు దిగిపోయారు. పాపం, వాళ్లూ లెక్చరర్లే. ఎండలో మోటారు సైకిళ్ల మీద, చంకలో కరపత్రాలు. మిగతా ఊళ్లలో ఇంటింటికీ తిరుగుతారు. ఇక్కడ ఆ శ్రమ లేదు. సొసైటీ బిల్డింగు అరుగు మీద పెద్దలు కూర్చుంటారు, వాళ్లతో మాట్లాడితే సరి. చెరువుల లీజు దగ్గర నుంచి మొగుడూ పెళ్లాల తగాదా దాకా ఈ ఊళ్లో అన్నీ అక్కడే తేలతాయి. అరుగు ముందు మోటారు సైకిళ్లు చూసి, నా దారిన నేను వచ్చేశాను.

మార్చి 9

మహాలక్ష్మి నాన్న నాంచారయ్య వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"చేపల్లోంచి బయటపడుద్దని సదివిత్తన్నానండి. మళ్లీ చేపల్లోకే తోత్తారేటండి, మేడంగారూ?"

నీళ్లలో దిగి వల లాగే పని కాదు, ఆ నీళ్లని పరీక్ష చేసి చెప్పే పని అన్నాను. ఉద్యోగాలున్నాయన్నాను. చేపలు తేలిపోయిన రోజు సంగతి మీ అమ్మాయే చెప్పిందన్నాను. తలకి చుట్టిన తువ్వాలు విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"అదేటి, అది ఇంకా దాని బుర్రలోనే ఉందాండి?... సరేనండి. పరీచ్చలవనీండి."

మార్చి 20

ఇన్విజిలేషన్ పెదపాడులో. ఫ్యాను తిరగదు. నిలబడి నిలబడి మడమలు వాచాయి.

ఏప్రిల్ 28

రిజల్ట్సు. మహాలక్ష్మి స్కూలు ఫస్టు! నాగమణి కూడా గట్టెక్కింది. సంతోషంగా ఉంది. ఊరికే అనడం కాదు, నిజంగానే ఉంది.

మే 21

కైకలూరు నెట్ సెంటరులో మహాలక్ష్మి చేత అప్లై చేయించాను. సర్వర్ పనిచేయలేదు. టీ తాగి వచ్చాం, మళ్లీ పనిచేయలేదు. మూడోసారికి వెళ్లింది. నాంచారయ్య కంప్యూటరుకే దండం పెట్టాడు. సీట్లు జూలైలో గాని తేలవట.

జూన్ 16

గట్టు మీద పసుపు బస్సు! నేను పక్కకి తప్పుకునేలోపే కిటికీల్లోంచి "టీచర్ గారండీ, టీచర్ గారండీ" అని చేతులు. నాగమణి యూనిఫాం చున్నీకి పిన్నులు పెట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని, పెళ్లికి వెళ్తున్నట్టుంది.

హెచ్.ఎం. గారు చెప్పారు — పెద్దలు మార్చిలోనే కైకలూరు కాలేజీతో మాట్లాడుకున్నారట. ఊళ్లో పది పాసైన వాళ్లందర్నీ అక్కడే చేరుస్తాం, బస్సు మా లంక దాకా రావాలని. ఇన్నాళ్లూ ఇక్కడ పది అయిన ఆడపిల్లల్ని పైకి పంపిందే లేదు. మెయిన్ రోడ్డు దాకా గట్టంతా మనిషి కనపడడు, ఏ తల్లి పంపుతుంది? ఇప్పుడు ఇంటి ముందే ఎక్కి ఇంటి ముందే దిగుతారు. ఎంత మంచి పని. నేను ఐ.టి.ఐ. చెప్పినవాడూ, పాలిటెక్నిక్ చెప్పినవాడూ, మహాలక్ష్మీ కూడా అదే ఎక్కుతున్నారు, వాళ్ల వాళ్ల సీట్లు తేలేదాకా.

జూలై 8

ముగ్గురికీ సీట్లు వచ్చేశాయి! అసెంబ్లీలో చప్పట్లు కొట్టించారు. నాకు శాలువా కప్పారు. ఈ ఉక్కలో శాలువా. "మన స్కూలు పేరు నిలబెట్టారండీ మీరు." ఫొటో తీసి ఆఫీసుకి పంపారు. మగపిల్లలిద్దరూ ఈ వారమే వెళ్లిపోతారు. మహాలక్ష్మి ఇరవయ్యో తారీఖున చేరాలి.

జూలై 13

బస్సు రాలేదు.

జూలై 14

ఇవాళా రాలేదు. గట్టు మలుపులో అయిదుగురు ఆడపిల్లలు పుస్తకాల సంచులతో నిలబడే ఉన్నారు. నాగమణిని అడిగాను, బండి పాడైందా అని.

"కాదండి. ముగ్గురు మానేత్తన్నారు కదండీ... తగ్గిపోయామంటండి. ఇంతమంది ఉంటేనే బస్సని ముందే అనుకున్నారంటండి."

నా మీద కోపం లేదు దాని గొంతులో. ఉంటే బాగుండేది.

జూలై 15

కబురు వచ్చింది. బడి వదిలాక సొసైటీ బిల్డింగుకి వెళ్లాను. అరుగు మీద కుర్చీ తుడిచి వేశారు. కొబ్బరి బొండాం కొట్టించారు. ఏడుకొండలు గారు పెద్ద మనిషి, ఆయన మాటే ఊరి మాట. ఆయన ఒక్కరే మాట్లాడారు.

"మీరు మంచే చేశారండి, టీచరమ్మ గారూ. కాదన్నోడు లేడు. ముందుగా మా చెవినో మాటేసుంటే బాగుణ్ణండి. మా ఊళ్లో ఏ బిడ్డకా బిడ్డ అనుకోవండి. అందరం కలిపి అనుకుంటాం."

నేను అడగలేదు. వాళ్లు చెప్పలేదు. ఒక్కొక్కర్నీ విడిగా పిలిచి, నీ ఇష్టం నీ ఇష్టం అంటూ కూర్చున్నాను. ఆ నాగమణి మొదటి రోజే చెప్పింది కూడా. నేనే విసుక్కున్నాను.

"కాలేజీ వాళ్లతో మాట్లాడామండి. మహాలచ్చిమి ఒక్కత్తి ఆగినా బండి తిప్పుతామన్నారు. మగపిల్లల్ని ఆపంలెండి, ఆళ్ల అడ్మిషన్లు అయిపోయినై."

ఆ ఒక్క పిల్లే ఎందుకు ఆగాలండీ అన్నాను. గొంతు పెరిగింది నాది. ఆయన గొంతు పెరగలేదు.

"బలవంతం లేదండి. నాంచారయ్య మీ మాట మీద ఉన్నాడు. మీరేది చెబితే అదే. ఆ పిల్ల ఎల్లిపోయినా మేం ఏమీ అనం. మిగతా అయిదుగురు ఇంటికాడుంటారు, అంతేగదండి."

బొండాం సగమే తాగాను. బస్సులో ఏలూరు దాకా కళ్లు మూసుకునే ఉన్నాను. నిద్ర కాదు.

జూలై 16

సెలవు పెట్టాను. కైకలూరు కాలేజీ. ప్రిన్సిపాల్ గారు చాలా మర్యాదగా — "డీజిలుకే చాలదండీ, మేడమ్. మీకు తెలియనిదేముందండీ." తర్వాత ఆర్టీసీ డిపో. అర్జీ రాసి ఇచ్చాను. గట్టు వెడల్పు చూడాలట, పై నుంచి ఆర్డరు రావాలట. "చూద్దామండీ." తర్వాత ఆటోల స్టాండు. ఒకతను వస్తానన్నాడు. సాయంత్రం తల్లుల దగ్గరికి వెళ్లి చెబితే, అతని పేరు వినగానే వద్దండీ బాబూ అన్నారు. ఎందుకని అడిగే ఓపిక లేదు.

రోజంతా తిరిగి చూశాక తెలిసింది — అందరూ మంచివాళ్లే. ఎవర్ని తిట్టను?

జూలై 17

హెచ్.ఎం. గారు: "మనకెందుకండీ ఈ తలనొప్పి? మన పని గైడెన్సు ఇవ్వడం వరకే కదండీ." రిజిస్టరు గట్టిగా మూశాను. ఆయన ఉలిక్కిపడ్డారు. అంతవరకే నా వల్ల అయింది.

జూలై 18

నాంచారయ్య ఫోను నుంచి మహాలక్ష్మి.

"టీచర్ గారండీ, మీరు ఆగిపోమంటే ఆగిపోతానండి. ఇక్కడ బైపీసీ సదువుకుంటాను. నాకేం బాధ లేదండి."

ఎవరు చెప్పమన్నారే ఇలా?

"ఎవరూ అన్లేదండి. నాగమణి కూడా ఎల్లమనే అంటంది. అదే నాకు..."

ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది.

ఆ అయిదుగురూ నాకు తెలుసు. ఒక్కొక్కర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడినదాన్ని. ఆగమని ఒక్క మాట అంటే సోమవారం నుంచి బస్సు వచ్చేస్తుంది. అయిదుగురు ఒకవైపు, ఒక్కత్తి ఒకవైపు. ఏ మాట అనాలో ఎవర్నడిగినా చెప్తారు.

"వెళ్లు," అన్నాను.

ఫోను పెట్టేశాక కుక్కరు కూత పెడుతుంటే వెళ్లి కట్టేయలేకపోయాను. ఎందుకన్నానో నన్ను అడిగితే చెప్పలేను. వద్దు, ఆగు అని ఆ పిల్లతో అనడానికి నాకు నోరు రాలేదు, అంతే. న్యాయం ఆలోచించి అన్న మాట కాదు.

జూలై 20

కైకలూరు బస్టాండు. నాంచారయ్య ఉతికిన చొక్కా, నెత్తిన ట్రంకు పెట్టె. మహాలక్ష్మి చేతిలో కొత్త బకెట్టు, అందులో మగ్గు, అద్దం, పచ్చడి సీసా. నాగమణి కూడా వచ్చింది. పక్క మడత పెట్టి చాప చుట్టి అదే మోసుకొచ్చింది. సీటులో చున్నీ వేసి అదే ఆపింది. కిటికీ పక్కన కూర్చో, వాంతులవుతాయి, నీళ్లు తక్కువ తాగు — అన్నీ అదే చెప్పింది. నేను చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

నాంచారయ్య కూతురితో కూడా వెళ్లాడు, దిగబెట్టి రావడానికి. గుడివాడ బస్సు కదిలింది. చెయ్యి ఊపాం. మలుపు తిరిగాక కూడా నాగమణి ఊపుతూనే ఉంది.

టీ తాగుదామా అన్నాను. వద్దండి అంది. నేను ఏదో అడిగినట్టు తనే చెప్పింది.

"నేనూ ఖాళీగా ఉండన్లెండి, టీచర్ గారూ. రేపటి నుంచి రొయ్యల ప్లాంటుకి. మిగతా నలుగురూ కూడా. బస్సు అక్కర్లేదండి దానికి. ఆళ్ల వ్యాను ఊళ్లోకే వత్తాది. ఒక్కళ్లున్నా వత్తాదండి."

దాన్ని ఓదార్చాలి నేను. అది నన్ను ఓదారుస్తోంది.

జూలై 21

డిపో నుంచి ఏమీ లేదు. రేపు మళ్లీ ఫోను చేయాలి.

పొద్దున గట్టు మీద వ్యాను ఎదురొచ్చింది. దారి ఇవ్వడానికి పక్కకి దిగి నిలబడ్డాను. "టీచర్ గారండీ" అని పిలిచారు లోపల్నుంచి. తల ఎత్తలేదు. బడికి వెళ్లి, ఈ ఏటి పదో తరగతి అటెండెన్సు తీసుకున్నాను.