నా పేరు పక్కన రాసిన అబద్ధం

ఆదివారం, రాత్రి

మా బాలికల హైస్కూల్లో పదో తరగతి చదివినవాళ్లం ఇప్పుడు ఏం చేస్తున్నామో వాట్సాప్ గ్రూపులో రాసే పని నాకు అప్పగించారు. ఒకతి డాక్టరు, ఒకతి ఎమ్మార్వో. నా పేరు పక్కన 'కర్నూల్లో ఫిజిక్స్ లెక్చరర్' అని రాసుకున్నాను. అడ్మిషన్లు తగ్గాయని కాలేజీవాళ్లు నన్ను తీసేసి రెండు నెలలయింది.

మిగిలింది రూతు ఒక్కతే. లెక్కల్లో మా అందరికంటే ముందుండేది. పొద్దున నంబరు దొరికితే, ఆమె ఉండే ఎర్రగుంట్లకు ఫోన్ చేశాను. కర్నూల్లో లెక్చరర్నని ఆమెతోనూ చెప్పాను.

"సిమెంటు లారీ తోల్తాండా సుజాతా. మా ఇంటాయన పోయినాక నేనే స్టీరింగు పట్టుకున్యా."

"అట్లే రాయమంటావా?"

"రాయి. దాపెట్టేదానికి ఏముండాది?" అని నవ్వింది. "మా పాపను ఇంటర్లో చేర్చాల. రేపు మీ కాలేజీకే తోడుకోనొస్తా. నువ్వుంటే నాకు శానా ధైర్యం."

"రా" అనేశాను. మధ్యాహ్నం అన్నం సయించలేదు.

సాయంత్రం మళ్లీ చేశాను. "రూతూ, నన్ను కాలేజీలో తీసేసినారు. ఇప్పుడు నాకు యాడా పనిలేదు" అన్నాను. అవతల లారీ ఇంజను ఆగింది.

"పొద్దున్నే చెప్పింటే ఏమయ్యేది?" అంది. గొంతులో కోపం తెలుస్తూనే ఉంది. మళ్లీ తనే, "సరే, మీ ఇంటికే వస్తాం. పాపను యాడ చేర్చాలో నువ్వే చెబుదువు" అంది.

రేపు పదింటికి తల్లీకూతుళ్లు బస్సు దిగుతారు. జరిగింది కూతురికి చెప్పే ఉంటుంది. ఆ పిల్ల ముఖం చూసి మొదటి మాట ఏమనాలో...